పిలిచిన టూల్ ఒకటి, వచ్చిన టూల్ మరొకటి: సీఎన్‌సీ లేత్ టరెట్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈ సంచికకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) లేత్ టరెట్ గురించినవే, అంటే పలు టూళ్లను మోస్తూ కావలసిన దానిని ముందుకు తిప్పే డిస్క్ భాగం గురించినవే కావడంతో శీర్షికనంతా దానికే కేటాయిస్తున్నాము. జవాబులలోకి వెళ్లే ముందు ఒక విషయం చెప్పవలసి ఉన్నది. ఒక టూల్ పక్కకు తప్పుకొని మరొక టూల్ ముందుకు రావడం పైకి ఒకే కదలికగా కనిపించినా, లోపల అది వరుస తప్పని మెట్లుగా జరుగుతుంది. ముందుగా పళ్ల కప్లింగ్ పట్టు విడుస్తుంది; విడిచిందని ఒక సెన్సార్ తెలియజేస్తుంది; అప్పుడు డిస్క్ తిరుగుతుంది; కోరిన స్టేషన్ (ఒక్కో టూల్ ఉండే స్థానం) చేరిందని, డిస్క్ ఎక్కడ ఉన్నదో కనిపెట్టే ఎన్‌కోడర్ చెప్పగానే డిస్క్ ఆగి, పళ్లు మళ్లీ ఒకదానిలో ఒకటి కూర్చొని బిగుసుకుంటాయి; బిగుసుకున్నాయని మరొక సెన్సార్ చెప్పిన తరువాతే ప్రోగ్రామ్ తరువాతి వరుసకు వెళ్తుంది. యంత్రం వీటిలో ఏ మెట్టు దాటలేక ఆగిందో తెలిసేవరకు స్పానర్ పట్టుకోవద్దన్నది మా గట్టి అభిప్రాయం. కింది జవాబులన్నీ ఆ మెట్టును ఎలా పట్టుకోవాలన్న దాని చుట్టూనే తిరుగుతాయి.

ప్రశ్న: మా లేత్‌కు 12 స్టేషన్ల టరెట్ ఉన్నది. పది రోజులుగా 6వ టూల్‌ను పిలిస్తే ఎక్కడా ఆగకుండా తిరిగి తిరిగి, చివరకు ఇండెక్సింగ్ (టూల్ మార్పిడి) సమయం మించిపోయిందని అలారం ఇస్తున్నది. 3, 7, 10 సంఖ్యలతోనూ ఇదే పరిస్థితి. మిగిలినవి చాలావరకు సరిగ్గానే వస్తున్నాయి. అయితే నిన్న 7వ టూల్ ఎదురుగా ఉన్నప్పుడు 4వ టూల్‌ను పిలిస్తే 6వ టూల్ వచ్చి బిగుసుకున్నది, స్క్రీన్ మీద మాత్రం 4 అనే చూపింది. నేను చూసి ఆపగలిగాను. గేర్లు అరిగిపోయి ఉంటాయని, టరెట్ విప్పాలని మా మెయింటెనెన్స్ వారు అంటున్నారు. విప్పించమంటారా?

జవాబు: విప్పించవద్దు. మీరు రాసిన సంఖ్యలే మీ సమస్యకు తాళంచెవి. గేరు అరిగితే తప్పు అన్ని స్టేషన్లలోనూ కనబడుతుంది, లేదా ఎప్పుడు ఎక్కడ వస్తుందో చెప్పలేని విధంగా వస్తుంది. ఎంపిక చేసినట్టు 3, 6, 7, 10 దగ్గర మాత్రమే రాదు. టరెట్ వెనుక ఉండే ఎన్‌కోడర్ స్టేషన్ సంఖ్యను నాలుగు తీగల మీద పంపుతుంది. వాటి విలువలు 1, 2, 4, 8. స్టేషన్ 6 అంటే 4, 2 విలువల తీగలలో 24 వోల్టులు ఉండి మిగిలిన రెండింటిలో లేకపోవడం. ఇప్పుడు 2 విలువ గల తీగ ఒక్కటి తెగిందనుకోండి. అప్పుడు 6 కాస్తా 4గా, 7 కాస్తా 5గా, 3 కాస్తా 1గా, 10 కాస్తా 8గా పీఎల్‌సీకి (టరెట్ కదలికలను నడిపే చిన్న కంప్యూటర్‌కు) కనిపిస్తాయి. 6 అనే సంఖ్య పీఎల్‌సీకి ఎన్నటికీ కనిపించదు కనుక అది టైమర్ ముగిసే వరకు డిస్క్‌ను తిప్పుతూనే ఉంటుంది. మీరు రాయలేదు గాని, 2, 11 స్టేషన్లను పిలిచినా ఇదే జరగాలి. ఒకసారి పరీక్షించి చూడండి, ఈ రెండూ కూడా రాకపోతే మా ఊహ రూఢి అయినట్టే.

ఇందులో అలారం రావడం కంటే అలారం రాకపోవడమే ఎక్కువ ప్రమాదకరం. 7 నుంచి 4కు దగ్గరి దారిలో బయలుదేరిన డిస్క్‌కు మొదట 6 ఎదురవుతుంది; అది 4గా కనిపించడంతో పీఎల్‌సీ అక్కడే ఆపి బిగిస్తుంది. నిన్న మీకు జరిగింది ఇదే. 4 కోసం రాసిన ఆఫ్‌సెట్‌తో (టూల్ పొడవు, స్థానాలకు ఇచ్చే సవరణ అంకెలతో) 6వ టూల్ జాబ్ మీదికి దిగితే, జాబ్‌ను పట్టి తిప్పే చక్ వరకు దూసుకుపోవచ్చు. ఇదే తీరున 1 బదులు 3, 5 బదులు 7, 8 బదులు 10, 9 బదులు 11 రావచ్చు. ఈ స్థితిలో మీ టరెట్‌లో నమ్మదగిన స్టేషన్ 12 ఒక్కటే, ఎందుకంటే 12కు 2 కలిపితే వచ్చే 14 అనే స్టేషన్ అసలు లేదు. కనుక సరిచేసేవరకు ఈ యంత్రం మీద ఉత్పత్తిని ఆపివేయండి. "6 వాడకుండా సర్దుకుందాం" అనే ఆలోచనను దయచేసి రానివ్వకండి.

పరీక్ష ఇలా చేయండి. కంట్రోల్‌లోని డయాగ్నోసిస్ లేదా పీఎల్‌సీ స్థితి చూపే పేజీ తెరిచి, ఎన్‌కోడర్ తీగలు చేరే ఇన్‌పుట్ అడ్రసులను యంత్రం విద్యుత్ పటం ఆధారంగా గుర్తించండి. ఫానుక్ కంపెనీ కంట్రోల్ అయితే యంత్రం వైపు నుంచి వచ్చే ఇన్‌పుట్లు ఎక్స్ అక్షరంతో మొదలవుతాయి. టరెట్‌ను చేతి బటన్‌తో ఒక్కొక్క స్టేషన్ కదుపుతూ, కంటికి కనబడే స్టేషన్ సంఖ్యను, తెర మీది నాలుగు బిట్లను (ఒక్కో తీగకు ఒక్కో 0 లేదా 1) కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. ఒక బిట్ పన్నెండు చోట్లా సున్నాగానే ఉంటే దోషి అదే. ఈ కాగితాన్ని పారవేయకండి, ఇతర బిట్లు పోయినప్పుడు కూడా ఇదే పట్టిక పనికివస్తుంది: 1 విలువ తీగ పోతే బేసి స్టేషన్లన్నీ, 4 విలువ తీగ పోతే 4 నుంచి 7 వరకు స్టేషన్లతో పాటు 12, 8 విలువ తీగ పోతే 8 నుంచి పైవన్నీ చెడతాయి.

తరువాత తప్పు ఎన్‌కోడర్‌లో ఉన్నదా, తీగలో ఉన్నదా, ఇన్‌పుట్ కార్డులో ఉన్నదా అన్నది తేల్చాలి. టరెట్ 6వ స్టేషన్‌లో ఉండగా విద్యుత్ ఆపి, క్యాబినెట్‌లోని టెర్మినల్ దగ్గర 2, 4 విలువల తీగలను ఒకదాని స్థానంలో మరొకటి కలపండి. మళ్లీ విద్యుత్ ఇచ్చి, టరెట్‌ను కదపకుండా తెరను మాత్రమే చూడండి. చనిపోయి ఉన్న 2 బిట్ వెలిగి, 4 బిట్ ఆరిపోతే కార్డు బాగున్నట్టు, లోపం టరెట్ వైపు ఉన్నట్టు. 2 బిట్ ఇంకా ఆరిపోయే ఉంటే కార్డులోని ఆ ఇన్‌పుట్టే పోయినట్టు. పరీక్ష ముగియగానే తీగలను యథాస్థానంలో పెట్టడం మరువకండి. లోపం టరెట్ వైపు ఉన్నప్పుడు అది ఎక్కువగా రెండు చోట్ల దొరుకుతుంది: ఒకటి, స్లయిడ్‌తో పాటు రోజుకు వేలసార్లు వంగే కేబుల్, రెండు, కూలెంట్ ఇంకిన కనెక్టర్. కనెక్టర్ విప్పి పిన్నుల మీద పచ్చటి తుప్పు ఉన్నదేమో ముందుగా చూడండి. నిజంగా ఎన్‌కోడరే మార్చవలసివస్తే, పళ్లు పూర్తిగా కూర్చున్న స్థితిలో దాని షాఫ్ట్ కోణాన్ని మాన్యువల్ చెప్పిన గుర్తుకు సరిపెట్టాలి. ఈ పని తొందరలో చేసినవారికి కొత్త ఎన్‌కోడర్‌తో కొత్త సమస్య మొదలవుతుంది.

చివరి మాట. చాలా ఎన్‌కోడర్లకు అయిదవ తీగగా పారిటీ బిట్ ఉంటుంది. వెలిగిన బిట్ల లెక్క ఎప్పుడూ సరిసంఖ్యగానో ఎప్పుడూ బేసిగానో ఉండేట్టు అది చూస్తుంది; ఒక బిట్ పోతే లెక్క తప్పి వెంటనే అలారం రావాలి. మీ యంత్రంలో తప్పు టూల్ మౌనంగా బిగుసుకున్నదంటే ఆ తీగ లేదు, లేదా లాడర్‌లో (పీఎల్‌సీ ప్రోగ్రామ్‌లో) దానిని పట్టించుకోవడం లేదు. తీగ ఉంటే, పారిటీ పరీక్షను లాడర్‌లో చేర్చమని యంత్రం తయారీదారును అడగండి.

ప్రశ్న: టరెట్ తిరుగుతుంది, బిగుసుకున్న శబ్దమూ వినిపిస్తుంది, కానీ ప్రోగ్రామ్ టూల్‌ను పిలిచే టీ కోడ్ వరుస మీదే నిలిచిపోతుంది. అలారం ఏదీ రాదు. రీసెట్ చేసి మళ్లీ నడిపితే ఒక్కోసారి సాగుతుంది. గతంలో ఇలాగే జరిగినప్పుడు ఒక సీనియర్ క్లాంప్ సెన్సార్ తీగను 24 వోల్టులకు నేరుగా కలిపి పని నడిపించారు. మేమూ అలా చేయవచ్చా?

జవాబు: చేయకూడదు. ఆ సెన్సార్ ఉన్నదే పళ్లు పూర్తిగా కూర్చున్నాయో లేదో చెప్పడానికి. దానిని నేరుగా కలిపితే డిస్క్ సగం బిగుసుకున్నా, అసలు బిగుసుకోకపోయినా యంత్రానికి ఎప్పుడూ "బిగుసుకున్నది" అనే జవాబే అందుతుంది. అటువంటి డిస్క్ మొదటి గట్టి కోతకే వెనక్కు తిరుగుతుంది. ఇన్సర్ట్, హోల్డర్ పోవడం అటుంచి, సగమే కలిసిన పళ్ల అంచులు విరిగితే కప్లింగ్ మొత్తం మార్చవలసి వస్తుంది. ఆ తీగ ఇప్పటికీ అలాగే ఉన్నదేమో ముందు చూసి, ఉంటే ఈ రోజే తీసివేయండి.

అలారం లేకుండా నిలిచిపోవడమంటే కంట్రోల్ ఒక సమాధానం కోసం ఎదురుచూస్తున్నదని అర్థం. ఫానుక్‌లో డయాగ్నోసిస్ 0 చూడండి, ఫిన్ (పని పూర్తయిందనే) సిగ్నల్ కోసం వేచి ఉన్నదని అందులో కనిపిస్తుంది. టూల్ మార్చమని కంట్రోల్ ఇచ్చే పిలుపు ఎఫ్7.3, పని పూర్తయిందని లాడర్ తిరిగి ఇచ్చే జవాబు జీ4.3. పిలుపు వెలిగి ఉండి జవాబు రాకపోతే లాడర్‌లో జీ4.3కు ముందున్న షరతులను ఒక్కొక్కటిగా చూసుకుంటూ వెనక్కు రండి. ఏ కాంటాక్ట్ మూసుకోలేదో అదే మీరు వెతుకుతున్న మెట్టు. మీరు వర్ణించిన తీరును బట్టి అది క్లాంప్ సెన్సారే అయ్యే అవకాశం ఎక్కువ.

ఈ పనికి తరచుగా వాడే ఎం12 పరిమాణపు ఫ్లష్ రకం ప్రాక్సిమిటీ సెన్సార్ ఇనుమును గుర్తించే దూరం 2 మిల్లీమీటర్ల వరకే. నమ్మకంగా పనిచేయాలంటే దూరాన్ని 1 మిల్లీమీటరు దగ్గర ఉంచాలి. నట్ వదులై సెన్సార్ అర మిల్లీమీటరు వెనక్కు జరిగినా, చల్లగా ఉన్నప్పుడు పనిచేసి వేడెక్కాక మానుకునే స్థితి వస్తుంది. సెన్సార్ మీది చిన్న దీపం వెలుగుతూ తెర మీది బిట్ మాత్రం మారకపోతే లోపం తీగలో ఉన్నట్టు. దీపమే వెలగకపోతే రెండు దారులున్నాయి. విద్యుత్ ఆపకుండా, కానీ టరెట్ కదలని స్థితిలో, సెన్సార్‌ను బయటకు తీసి దాని ముఖానికి ఒక స్పానర్ తాకించండి. దీపం వెలిగితే సెన్సార్ బాగున్నది. దూరం సరిచేయడమో, పళ్లు నిజంగానే పూర్తిగా కూర్చోవడం లేదని ఒప్పుకోవడమో మిగులుతుంది. ఈ రెండవది నిజమైతే సెన్సార్‌ను ముందుకు జరిపి బిట్ వెలిగించడం కూడా తీగ నేరుగా కలపడం లాంటిదే అవుతుంది. అందువల్ల దూరం మార్చే ముందు డిస్క్ బిగుసుకున్న స్థితిలో దాని అంచుకు డయల్ గేజ్ ఆనించి, చేతితో గట్టిగా అటూ ఇటూ తోసి చూడండి. ముల్లు కదిలి తిరిగి అదే అంకెకు రాకపోతే సమస్య సెన్సార్‌ది కాదు.

ప్రశ్న: మాది హైడ్రాలిక్ టరెట్. చలి రోజులలో ఉదయం మొదటి గంట ఇండెక్సింగ్ అలారం వస్తూ ఉంటుంది, తరువాత రోజంతా బాగుంటుంది. టైమర్ విలువ పెంచితే అలారం ఆగింది. ఇది సరైన పరిష్కారమేనా?

జవాబు: అలారం ఆగింది, కారణం ఆగలేదు. చల్లని నూనె చిక్కగా ఉంటుంది. వీజీ 46 నూనె స్నిగ్ధత (చిక్కదనం) 40 డిగ్రీల దగ్గర 46 సెంటీస్టోక్‌లు ఉంటే, 20 డిగ్రీల దగ్గర అది రెండింతలకు మించి ఉంటుంది. కనుక ఉదయం కొంత నెమ్మదించడం సహజమే. కానీ గత ఏడాది ఇదే చలిలో ఈ అలారం రాకపోయి ఉంటే, చలికి తోడు మరొకటి చేరినట్టు. పంపు చెంత నిలబడి వినండి. గులకరాళ్లు నలిగినట్టు గరగరమంటే పీల్చే వైపు జల్లెడ పూడుకుపోయింది. చిక్కటి నూనె అందులో నుంచి రాలేక పంపు ఆకలితో తిరుగుతున్నది. శబ్దం మామూలుగా ఉండి, ఇండెక్స్ చేసేటప్పుడు గేజ్‌లో పీడనం బాగా పడిపోయి నెమ్మదిగా కోలుకుంటుంటే పంపును, రిలీఫ్ వాల్వ్‌ను పరిశీలించండి. పీడనం నిలకడగా ఉండి కదలిక మాత్రమే ఆలస్యమైతే సొలినాయిడ్ వాల్వ్ స్పూల్ జిగటపడి ఉండవచ్చు. స్లయిడ్‌ను చక్‌కు దూరంగా ఉంచి, టరెట్ దరిదాపుల్లో ఎవరి చేయీ లేదని చూసుకొని, వాల్వ్ చివర ఉండే చేతి పిన్నును నొక్కండి. అప్పుడు చురుకుగా కదిలితే లోపం కాయిల్‌లోనో దానికి అందే వోల్టేజీలోనో ఉన్నది. అప్పుడూ బద్ధకిస్తే వాల్వ్‌లోనో నూనెలోనో ఉన్నది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ఉదయపు బద్ధకాన్ని పోగొట్టడానికి ఫ్లో కంట్రోల్ వాల్వ్‌ను తెరవడం. మధ్యాహ్నానికి నూనె పలచబడగానే అదే టరెట్ దడాలుమని వచ్చి పళ్ల మీద పడుతుంది. దాని బదులు షిఫ్ట్ మొదట్లో పంపును పది పదిహేను నిమిషాలు నడిపి, చక్‌ను కొన్నిసార్లు తెరిచి మూసి, టరెట్‌ను ఖాళీగా ఒకటి రెండు చుట్లు తిప్పి అప్పుడు పనిలోకి దిగండి. జల్లెడ శుభ్రపరచి, మాన్యువల్ చెప్పిన గ్రేడు నూనె ఉన్నదో లేదో చూసుకొని, టైమర్‌ను పాత విలువకు తెచ్చేయండి. టైమర్ మీకు ముందస్తు హెచ్చరిక ఇచ్చే పరికరం, దాని నోరు నొక్కకండి.

ప్రశ్న: షాపులో వైరింగ్ మార్చిన మరునాటి నుంచి మా నాలుగు స్టేషన్ల ఎలక్ట్రిక్ టూల్ పోస్ట్ కదలడం లేదు. మోటార్ మూలుగుతుంది, కాసేపటికి ఓవర్‌లోడ్ ట్రిప్ అవుతుంది.

జవాబు: ముందుగా కాంటాక్టర్ దగ్గర మూడు ఫేజుల వోల్టేజీ కొలవండి, ఒక ఫేజు రాకపోయినా మోటార్ ఇలాగే మూలుగుతుంది. మూడూ ఉంటే ఫేజుల వరుస తారుమారైంది. ఈ రకం టూల్ పోస్ట్ ముందుకు తిరిగేటప్పుడు పట్టు విడిచి, వెనక్కు తిరిగేటప్పుడు బిగుసుకుంటుంది. వరుస మారడంతో అది ముందుకు వెళ్లవలసినప్పుడు ఇంకా బిగుసుకుంటున్నది. కూలెంట్ పంపు, హైడ్రాలిక్ పంపు కూడా ఎదురు దిశలో తిరుగుతున్నాయేమో చూడండి. అవీ తిరగబడి ఉంటే యంత్రానికి వచ్చే ప్రధాన తీగలలోనే ఏవైనా రెండింటిని మార్చాలి. టూల్ పోస్ట్ ఒక్కటే అయితే దాని మోటార్ తీగలలో రెండింటిని మార్చితే చాలు. పని మొదలుపెట్టే ముందు మెయిన్ స్విచ్ ఆపి తాళం వేయండి.

ప్రశ్న: నెల క్రితం పార్టింగ్ టూల్ చక్‌ను తాకి టరెట్ అదిరింది. టరెట్ ఇప్పటికీ చక్కగా ఇండెక్స్ అవుతున్నది, అలారాలు లేవు. కానీ ఫేసింగ్ చేస్తే జాబ్ మధ్యలో చిన్న మొటిమ మిగులుతున్నది, డ్రిల్ వేసిన రంధ్రాలు పెద్దవిగా వస్తున్నాయి. ఆఫ్‌సెట్‌తో సరిదిద్దుదామని ప్రయత్నిస్తే పెద్ద వ్యాసాలు సరిపోతున్నాయి, చిన్న వ్యాసాలు తేడా వస్తున్నాయి. ఎందుకు?

జవాబు: టూల్ మొన స్పిండిల్ కేంద్రపు ఎత్తులో లేదు. దెబ్బ తగిలినప్పుడు డిస్క్, కప్లింగ్‌తో దానికున్న సంబంధం నుంచి వెంట్రుకవాసి తిరిగిపోయింది. కప్లింగ్ తన పని తాను సరిగ్గా చేస్తూనే ఉన్నది కనుక అలారం రాదు. ప్రతిసారీ తప్పు చోటనే కచ్చితంగా ఆగుతున్నది. డిస్క్ తిరుగుడు టూల్ మొనను ఎక్స్ వైపు కాక పైకో కిందికో జరుపుతుంది. సాధారణ రెండు అక్షాల లేత్‌కు ఆ దిశలో కదలికే లేదు కాబట్టి ఏ ఆఫ్‌సెట్ కూడా దానిని సరిదిద్దలేదు.

మీ కొలతలు తేడా రావడం కూడా దీనివల్లనే. మొన కేంద్రానికి 0.2 మిల్లీమీటర్లు కిందికి ఉన్నదనుకుందాం. 50 మిల్లీమీటర్ల వ్యాసం తిప్పేటప్పుడు దానివల్ల వచ్చే తేడా 2 మైక్రాన్లకు మించదు, మీకు తెలియను కూడా తెలియదు. అదే 5 మిల్లీమీటర్ల వ్యాసం దగ్గర 16 మైక్రాన్లు అవుతుంది. ఇక కేంద్రం దగ్గర కోత పడనే పడదు, 0.4 మిల్లీమీటర్ల వ్యాసం గల మొటిమ మిగులుతుంది. మీ మొటిమ వ్యాసాన్ని కొలిచి సగం చేస్తే టరెట్ ఎంత తప్పిందో దాదాపు తెలిసిపోతుంది.

టరెట్ మీద చేయి వేసే ముందు, స్పిండిల్‌ను మోసే హెడ్‌స్టాక్ కదలలేదని నిర్ధారించుకోండి. టెయిల్‌స్టాక్ (ఎదుటి చివర) ఆధారం లేకుండా ఒక మందపాటి కడ్డీని తేలికపాటి కోతతో తిప్పి, రెండు చివరల వ్యాసాలు కొలవండి. టేపర్ (రెండు చివరల వ్యాసాలలో తేడా) వస్తే హెడ్‌స్టాక్ కూడా జరిగినట్టే, దానిని సరిచేసిన తరువాతే టరెట్ పని. ఆ క్రమం తప్పితే చేసిన పని మళ్లీ చేయవలసివస్తుంది.

తరువాత స్పిండిల్‌కు డయల్ గేజ్ బిగించి, టరెట్‌లోని బోరింగ్ బార్ రంధ్రం లోపలి గోడ చుట్టూ చేతితో తిప్పుతూ చూడండి. పైకీ కిందికీ ఉన్న అంకెల తేడాలో సగం ఎత్తు లోపం. ఒక్క స్టేషన్‌లోనే లోపం ఉంటే టరెట్ జోలికి వెళ్లవద్దు. ఆ హోల్డర్‌నో, అది కూర్చునే చోటునో చూడండి. అన్ని స్టేషన్లలో ఒకే లోపం ఒకే వైపు ఉంటే డిస్క్ తిరిగినట్టు. అదే స్టేషన్‌ను పదే పదే పిలిచినప్పుడు అంకె మారుతూ ఉంటే పళ్ల మధ్య చిప్ ఇరుక్కున్నదని, లేదా బిగింపు చాలడం లేదని అర్థం. 200 మిల్లీమీటర్ల కప్లింగ్‌లో ఒక పక్క 0.05 మిల్లీమీటర్ల చిప్ ఉన్నా డిస్క్ ఒరిగి, కేంద్రం నుంచి 250 మిల్లీమీటర్ల దూరంలోని టూల్ మొన సుమారు 0.06 మిల్లీమీటర్లు జరుగుతుంది.

డిస్క్ తిరిగిందని తేలితే, దానిని పట్టి ఉంచే టేపర్ పిన్నులను తీసి, బోల్టులను కొద్దిగా మాత్రమే వదులు చేసి, టూల్ కూర్చునే గాడి గోడకు డయల్ ఆనించి ఎక్స్ అక్షాన్ని అటూ ఇటూ నడుపుతూ, మెత్తని సుత్తితో తట్టి సరిపెట్టండి. ముల్లు కదలిక మాన్యువల్ అనుమతించిన హద్దులోకి వచ్చాక బోల్టులను ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో బిగించి, డయల్‌ను మళ్లీ చూడండి, ఎందుకంటే బిగించేటప్పుడే చాలాసార్లు జరిగిపోతుంది. దెబ్బకు వంగిన పాత పిన్నులను తిరిగి కొట్టవద్దు, అవి డిస్క్‌ను మళ్లీ పాత తప్పు వైపే లాగుతాయి. రంధ్రాలను రీమ్ చేసి కొత్త పిన్నులు వేయండి. టరెట్‌ను రెండు దిశలలోనూ పూర్తి చుట్టు తిప్పి అన్ని స్టేషన్లలో అంకెలు నిలిచాయని చూసిన తరువాత, ఈ నెల రోజులలో సర్దిన ఆఫ్‌సెట్లనన్నిటినీ తుడిచివేసి, ప్రతి టూల్‌ను కొత్తగా టచ్ చేసి కొలతలు పెట్టుకోండి. పాత లోపాన్ని కప్పిపుచ్చడానికి ఇచ్చిన అంకెలు ఇకపై కొత్త లోపాన్ని పుట్టిస్తాయి.